న్యూయార్క్‌లో రిక్షా ఎక్కితే...

సబ్‌వే మెట్లెక్కి బయటికి రాగానే నలుగురు చుట్టుముడతారు. ‘రండి సార్... రండి మేడమ్... పార్కు మొత్తం చూపిస్తాం’ అంటూ చేతిలో ఫొటోల అట్టలు ఊపుతారు. ఒకరు బేరం మొదలెట్టేలోపే రెండోవాళ్లు అడ్డం వస్తారు.

ఒకప్పటి తెనాలి రైల్వేస్టేషనో, రాజమండ్రి బస్టాండో గుర్తొస్తోంది కదూ! కానీ ఇది న్యూయార్క్. మన్‌హటన్‌లో 59వ వీధి, కొలంబస్ సర్కిల్. ఎదురుగా ఉన్నది ప్రపంచంలోని పేరున్న పార్కుల్లో ఒకటైన సెంట్రల్ పార్క్. చుట్టుముట్టినవాళ్లు రిక్షావాళ్లే. కాకపోతే ఇక్కడ ఆ బండి పేరు పెడిక్యాబ్. మూడు చక్రాలు, వెనక మెత్తటి సీటు, పైన టాపు, ముందు తొక్కే మనిషి. చలికాలమైతే కాళ్లమీద కప్పుకోవడానికో దుప్పటి. హంగులు తీసేస్తే మన రిక్షానే.

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో కొడుకు దగ్గరో కూతురు దగ్గరో ఆర్నెల్లు ఉండిపోదామని వచ్చే తెలుగు అమ్మానాన్నలు ఏటా ఎందరో. వాళ్ల న్యూయార్క్ జాబితాలో స్వేచ్ఛా విగ్రహం, టైమ్స్ స్క్వేర్ తర్వాత ఈ పార్కు ఉండాల్సిందే. అయితే ఒకటే ఇబ్బంది... మోకాళ్లు! పార్కు విస్తీర్ణం 843 ఎకరాలు. హైదరాబాద్‌లోని కేబీఆర్ పార్కుకు రెట్టింపుకు పైనే. 59వ వీధి నుంచి 110వ వీధి దాకా 4 కిలోమీటర్ల పొడవు, 800 మీటర్ల వెడల్పు. పైగా ఎత్తుపల్లాలు. నడిస్తే పిల్లలకే కాళ్లు పడిపోతాయి. ఇక అరవై దాటినవాళ్ల సంగతి చెప్పేదేముంది? 2018 జూన్ నుంచి పార్కు లోపలి రోడ్లమీద కార్లను పూర్తిగా నిషేధించారు. మిగిలినవి గుర్రబ్బండి, సైకిలు, పెడిక్యాబ్. గుర్రాలను ఇంకా బండ్లకు కట్టవచ్చా అన్న గొడవ ఆ నగరంలో ఏళ్లుగా నడుస్తోంది. అందుకే చాలామంది చూపు పెడిక్యాబ్ మీదికి పోతుంది.

అలా వచ్చిన ఓ తెనాలి దంపతులను ఊహించుకోండి. ఆయన రిటైరైన మాస్టారు. ఆవిడ ఇల్లు దిద్దుకున్న మనిషి. పక్కన కొడుకు. బండిలో ముగ్గురు పడతారు కాబట్టి లెక్క సరిపోయింది.

ఎక్కకముందే బేరం

‘ఎక్కండి, తర్వాత చూసుకుందాం’ అన్న రిక్షా ఎక్కకూడదన్నది తెలుగు ఇళ్లలో పాత నీతి. దిగాక ‘మీ ఇష్టం’ అన్నవాడు అంతకంటే ప్రమాదం! ఆ నీతి న్యూయార్క్‌లోనూ అక్షరాలా పనికొస్తుంది.

ఇక్కడ లెక్క దూరాన్ని బట్టి కాదు, నిమిషాన్ని బట్టి. పర్యాటకులను అడ్డగోలుగా దోచేస్తున్నారన్న ఫిర్యాదులు పెరగడంతో 2012లో నగర మండలి నిబంధనలు కట్టుదిట్టం చేసింది. నిమిషానికి ఎంతో రాసిన ధరల పట్టిక బండికి కనబడేలా ఉండాలి. టైమరు ఉండాలి. తొక్కే మనిషికి నగరం ఇచ్చిన లైసెన్సు ఉండాలి. అంతవరకు బాగానే ఉంది. కానీ నిమిషానికి ఇంతకు మించకూడదన్న పరిమితి మాత్రం చట్టంలో లేదు. అసలు కిటుకంతా అక్కడే!

నిమిషానికి 5 డాలర్లంటే వినడానికి ఎంతో అనిపించదు. గంట తిరిగితే అదే 300 డాలర్లు. ఫొటోలకని ఆగిన పది నిమిషాలూ లెక్కలోకి వస్తే ఆ పది నిమిషాలకే 50. అందుకే ఎక్కేముందు నాలుగు ప్రశ్నలు అడిగి తీరాలి. నిమిషానికి ఎంత? ఆ ధర బండి మొత్తానికా, మనిషికా? ఆగినప్పుడు టైమరు నడుస్తుందా? మొత్తం ఎన్ని నిమిషాలు, ఎక్కడెక్కడికి? జవాబులు తేలాక టైమరు సున్నాలో ఉందో లేదో చూసుకుని కూర్చోవాలి. పట్టిక మీద చిన్న అక్షరాలుంటే కళ్లజోడు తీయడానికి మొహమాటపడక్కర్లేదు. తేడా వస్తే ఫిర్యాదుకు నగరమంతటికీ ఒకటే నంబరు... 311.

అబ్బాయి మొహమాటపడి ‘ఎంతో కొంత ఇద్దాంలేమ్మా’ అంటాడు. అమ్మ ఊరుకుంటుందా? ‘నువ్వుండరా! ముందు అడుగు, తర్వాత ఎక్కుదాం’ అంటుంది. అమెరికాలో ఇన్నేళ్లున్న కొడుకుకంటే ఈ విషయంలో ఆవిడ అనుభవమే ఎక్కువ.

ఇదంతా చదివి తొక్కేవాళ్లంతా మోసగాళ్లనుకుంటే అది అన్యాయం. వీరిలో చాలామంది పొట్టచేతపట్టుకుని ఏదో దేశం నుంచి వచ్చినవాళ్లే. ఎండైనా వానైనా రోడ్డుమీదే. నిలబెట్టిన బండికి రూపాయి రాదు. అందుకే ధర ముందే తేల్చుకోవడం ఇద్దరికీ మర్యాద. దిగేటప్పుడు మొహాలు మాడవు.

బండి కదిలింది

పార్కు రోడ్లు ఒకవైపు దారులు. దక్షిణం నుంచి బయల్దేరిన బండి తూర్పువైపు ఎక్కి, 72వ వీధి దగ్గర పడమరకు తిరిగి, మళ్లీ కిందికి దిగుతుంది. మామూలు టూరంటే ఇదే. మొదట ఎడంపక్కో కుడిపక్కో చెట్లసందున ఓ చెరువు, దానిమీద రాతి వంతెన. అది గాప్‌స్టో వంతెన. 1992లో వచ్చిన ‘హోమ్ అలోన్ 2’ చూసిన పిల్లలు దాన్ని ఇట్టే గుర్తుపడతారు.

తొక్కే మనిషే గైడు కూడా. ‘ఫలానా సినిమా ఇక్కడే తీశారు, ఫలానా నటుడి ఇల్లు అదిగో’ అంటూ వెనక్కి తిరిగి చెబుతుంటాడు. చెప్పిందల్లా నమ్మనక్కర్లేదు. చెర్రీ హిల్ దగ్గరున్న ఫౌంటెన్‌ను చూపించి ‘ఫ్రెండ్స్ సీరియల్ మొదట్లో వచ్చేది ఇదే’ అనేవాళ్లున్నారు. నిజానికి ఆ దృశ్యం తీసింది ఇక్కడికి నాలుగు వేల కిలోమీటర్ల దూరంలో, కాలిఫోర్నియాలోని ఓ స్టూడియో ఆవరణలో. గైడు మాటల్లో కొంత చరిత్ర, కొంత కాలక్షేపం. ఎక్కడైనా అంతే.

67వ వీధి దగ్గర బండి ఆగుతుంది. బండరాయి మీద కంచు కుక్క. పేరు బాల్టో. 1925లో అలాస్కాలోని నోమ్ అనే మారుమూల ఊళ్లో పిల్లలకు డిఫ్తీరియా సోకింది. గడ్డకట్టే చలి, విమానం పోలేని వాతావరణం. మంచుబండ్లకు కుక్కల్ని కట్టి, ఒకరి నుంచి ఒకరికి అందించుకుంటూ వెయ్యి కిలోమీటర్లకు పైగా మందును చేరవేశారు. ఆఖరి విడతలో ఊళ్లోకి బండిని లాక్కొచ్చింది బాల్టో. అదే ఏడాది చివర్లో ఇక్కడ విగ్రహం పెట్టారు. పిల్లలెక్కి కూర్చుని కూర్చుని దాని వీపు నున్నగా మెరిసిపోతుంటుంది. అయితే ఆ పరుగులో అన్నిటికంటే పొడవైన, ప్రమాదకరమైన విడత నడిపిన కుక్క వేరే ఉంది. దాని పేరు టోగో. గమ్యం చేరినవాడికే దండ పడుతుందన్నది కుక్కల విషయంలోనూ నిజమేనన్నమాట!

అక్కడికి దగ్గర్లోనే మాల్ అనే నడకదారి. రెండువైపులా ఎల్మ్ చెట్లు కమ్ముకుని పందిరి వేసినట్టుంటాయి. షేక్‌స్పియర్, వాల్టర్ స్కాట్, రాబర్ట్ బర్న్స్... వరసగా మగవాళ్ల విగ్రహాలు. కథల్లోని ఆలిస్, నాటకంలోని జూలియట్ ఉన్నారుగానీ, నిజంగా బతికిన ఆడమనిషి విగ్రహం 2020 దాకా ఈ పార్కులో ఒక్కటీ లేదు! ఆ ఏడాది ఆగస్టులో మహిళల హక్కుల కోసం పోరాడిన సోజర్నర్ ట్రూత్, సుసాన్ బి. ఆంథొనీ, ఎలిజబెత్ కేడీ స్టాంటన్‌ల విగ్రహాన్ని పెట్టారు. అంతవరకు పార్కులో ఆడవాళ్ల పాత్రే లేదా అంటే, ఉంది. ఆ చెట్ల దారి చివర కనిపించే బెథెస్డా ఫౌంటెన్ మీది దేవదూతను మలచింది ఎమ్మా స్టెబ్బిన్స్. 1873లో ఆవిష్కరించారు. 1842లో క్రోటన్ నది నుంచి నగరానికి మంచినీళ్లు తెచ్చిన పనికి గుర్తు అది. అంతకుముందు కలరాతో జనం పిట్టల్లా రాలిన ఊరు మరి. కుళాయి నీళ్ల విలువ తెలిసినవాళ్లకు ఆ బొమ్మ ముందు నిలబడితే వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

ప్రకృతి కాదు... పనితనం!

చెరువులు, వాగులు, పచ్చికబయళ్లు చూసి ‘ఎంత బాగా కాపాడారో, అడవిని అలాగే ఉంచేశారు’ అనుకుంటారు చాలామంది. మాస్టారూ అదే అంటారు. అక్కడే పొరపాటు. బండరాళ్లు తప్ప ఇక్కడ దాదాపు ప్రతిదీ మనిషి చేసిందే.

ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్ కలిసి వేసిన ప్రణాళిక 1858లో పోటీలో నెగ్గింది. అప్పటికి ఈ నేల బురద గుంటలు, రాళ్లదిబ్బలు. తుపాకిమందు పెట్టి రాళ్లు పేల్చారు. గుంటలు తవ్వి చెరువులు చేశారు. చెట్లు బతకడానికి మట్టి చాలక నది అవతలి న్యూజెర్సీ నుంచి తెచ్చిపోశారు. ‘ఇంత దూరం వస్తే ఇక్కడా మన న్యూజెర్సీ మట్టేనా’ అని ఎడిసన్ వాళ్లు నవ్వుకోవచ్చు! నగరం ఇటునుంచి అటు పోవడానికి నాలుగు అడ్డరోడ్లు వేయాల్సి వస్తే, వాటిని నేలమట్టానికి దిగువన తవ్వి వేశారు. వాటిమీద ఇప్పటికీ బస్సులు, కార్లు పరుగులు తీస్తుంటాయి. పైన నడిచేవాళ్లకు అవి కంటపడవు. ఫ్లైఓవర్ల మాట పుట్టకముందు వచ్చిన ఆలోచన అది. పని పూర్తయ్యేసరికి 1876. మొత్తం మీద ఇరవై వేలమంది పనిచేశారని చరిత్రకారుల లెక్క. వాళ్లలో ఐర్లాండ్ కూలీలు, జర్మన్ తోటమాలులు ఎందరో.

కట్టినదాన్ని కాపాడుకోకపోతే ఏమవుతుందో కూడా ఈ పార్కు చూసింది. 1970ల్లో నగరం దగ్గర డబ్బుల్లేక పచ్చిక ఎండిపోయి, గోడలు రాతలతో నిండి, చీకటిపడితే అడుగుపెట్టడానికి జనం జంకేవారు. 1980లో సెంట్రల్ పార్క్ కన్సర్వెన్సీ అనే సంస్థ ఏర్పడి విరాళాలతో బాగుచేయడం మొదలుపెట్టింది. ఇప్పుడు నిర్వహణ చూసేది అదే. పార్కులోకి ప్రవేశ రుసుము మాత్రం లేదు. కోటీశ్వరుడైనా కొట్లో పనిచేసే కుర్రాడైనా అదే బెంచీమీద కూర్చోవాలి.

72వ వీధి దాటి పడమర వైపు వస్తే స్ట్రాబెర్రీ ఫీల్డ్స్. బీటిల్స్ బృందంలోని జాన్ లెనన్‌ను 1980 డిసెంబరు 8న ఎదురుగా ఉన్న డకోటా భవనం దగ్గర కాల్చి చంపారు. ఆయన జ్ఞాపకంగా 1985లో ఈ చోటు ఏర్పాటైంది. నేలమీద నలుపు తెలుపు రాళ్ల చక్రం. ఇక్కడ బండి దిగి నడవాల్సిందే.

మధ్యలో ఓ చిన్న ఎత్తు వస్తుంది. తొక్కే మనిషి సీటు మీంచి లేచి, ఒళ్లంతా ముందుకు వంచి, ఒక్కో పెడలూ బలంగా నొక్కుతుంటాడు. మెడమీద చెమట. వెనక కూర్చున్న మాస్టారికి ఇబ్బంది మొదలవుతుంది. ఊళ్లో అయితే వంతెన ఎత్తు రాగానే రిక్షా దిగి పక్కన నడవడం అలవాటు. చిన్నప్పుడు నాన్న నేర్పిన మర్యాద. ‘దిగనా నాయనా’ అని తెలుగులోనే అనేస్తారు. కొడుకు ఇంగ్లిషులో చెబితే ఆ మనిషి నవ్వి ‘కూర్చోండి సార్’ అంటాడు. గుర్రబ్బండిలోనైతే రాని ఇబ్బంది ఇది. పెడిక్యాబ్‌లో మాత్రం వెనక్కి ఆనుకుని చూసే ప్రతి దృశ్యానికీ ముందు ఓ మనిషి వీపు అడ్డంగా ఉంటుంది.

టూరులో లేని ఊరు

గంట టూరు 72వ వీధి దగ్గరే వెనక్కి తిరుగుతుంది. కానీ ఈ పార్కు కథలో అసలు పేజీ దానికి పది వీధుల పైన ఉంది. పడమటివైపు 82 నుంచి 89వ వీధుల మధ్య. ఒకప్పుడు అక్కడో ఊరుండేది. పేరు సెనెకా విలేజ్.

1825లో ఆండ్రూ విలియమ్స్ అనే పాతికేళ్ల నల్లజాతి యువకుడు అక్కడ మూడు స్థలాలు కొన్నాడు. ఆయన వృత్తి బూట్లకు పాలిష్ వేయడం. పెట్టిన సొమ్ము 125 డాలర్లు. ఆయన వెనకే మరికొందరు కొన్నారు. న్యూయార్క్ రాష్ట్రంలో బానిసత్వం పూర్తిగా రద్దయింది 1827లో. అంటే అంతకు రెండేళ్ల ముందే నల్లవాళ్లు సొంత డబ్బుతో సొంత నేలమీద ఊరు మొదలుపెట్టారు! అప్పటి చట్టం ప్రకారం నల్లజాతి మగవాడికి ఓటు కావాలంటే 250 డాలర్ల ఆస్తి ఉండాలి. తెల్లవాళ్లకు ఆ షరతు లేదు. అందుకే ఆ ఊళ్లో జాగా అంటే తలదాచుకునే చోటు మాత్రమే కాదు... ఓటు కూడా. 1855 నాటికి 225 మంది దాకా ఉండేవారు. ఎక్కువమంది నల్లవాళ్లు, కొందరు ఐరిష్‌వాళ్లు. మూడు చర్చిలు, బడి, శ్మశానం... ఊరికి ఉండాల్సినవన్నీ ఉన్నాయి.

1853లో పార్కు కోసం భూమి తీసుకోవాలని చట్టం వచ్చింది. నాటి పత్రికలు కొన్ని ఆ ఊరివాళ్లను ఆక్రమణదారులన్నట్టు రాశాయి. చేతిలో దస్తావేజులున్నా సరే! పరిహారం ఇచ్చారు. చాలదని అభ్యంతరాలు పెట్టినవాళ్లున్నారు. 1857కల్లా అందరూ ఖాళీ చేయాల్సి వచ్చింది. మొత్తం పార్కు స్థలంలోంచి కదిలినవాళ్లు 1,600 మంది దాకా ఉంటారు. ఇళ్లు నేలమట్టమయ్యాయి. ఎవరెక్కడికి పోయారో చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 2001లో అక్కడో ఫలకం పెట్టారు. 2011లో పురావస్తు శాస్త్రవేత్తలు తవ్వితే ఓ ఇంటి పునాది రాళ్లు, ఇనుప కెటిల్, పింగాణీ ముక్కలు బయటపడ్డాయి. ఆక్రమణదారుల గుడిసెలన్నచోట కుదురైన సంసారాల ఆనవాళ్లన్నమాట.

ప్రాజెక్టుల కింద మునిగిన ఊళ్ల కథలు తెలిసిన తెలుగువాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. సాగర్ నీళ్లు పారిన పొలాలు నిజం. ఆ నీళ్ల కింద ఉన్న ఊళ్లూ నిజమే. పార్కు కట్టడం తప్పని ఈ కథ చెప్పదు. 160 ఏళ్లకు పైగా కోట్లమందికి ఊపిరి పోసిన చోటది. కానీ అంతమందికి నీడనిచ్చిన చెట్ల కింద ఎవరి గడప ఉండేదో తెలుసుకుని కూర్చోవడం వేరు, తెలియక కూర్చోవడం వేరు.

అక్కడికి పెడిక్యాబ్‌లో పోవాలంటే రోడ్లు ఒకవైపువి కాబట్టి ఉత్తరం దాకా వెళ్లి చుట్టి రావాలి. నిమిషాల లెక్కలో అది బరువే. తేలిక మార్గం ఇంకోటుంది. టూరు ముగించుకుని, కొలంబస్ సర్కిల్‌లో సబ్‌వే ఎక్కి 86వ వీధి స్టేషన్‌లో దిగితే పార్కు ఎదురుగానే ఉంటుంది. 85వ వీధి దగ్గరున్న ద్వారంలోంచి లోపలికి నడిస్తే సరి. లోపల దారి తప్పినా భయం లేదు. పార్కులో ప్రతి దీపస్తంభం మీదా నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ దగ్గర్లోని వీధి నంబరు. చివరి అంకె సరిసంఖ్య అయితే తూర్పు వైపు, బేసి అయితే పడమర.

బండి మళ్లీ 59వ వీధికి వచ్చి ఆగుతుంది. టైమరు ఆగుతుంది. అనుకున్న సొమ్ము, పైన టిప్పు ఇస్తాడు కొడుకు. అమ్మ సంచిలోంచి మంచినీళ్ల సీసా తీసి తొక్కే మనిషి చేతిలో పెడుతుంది. ఆ పూటంతా ఆయన మాట్లాడిన ఇంగ్లిషు ఆవిడకు సగం అర్థం కాలేదు. ఆవిడ తెలుగు ఆయనకు అసలే అర్థం కాలేదు. నీళ్లు తాగడానికి భాష అక్కర్లేదుగా!

సాయంత్రం ఎడిసన్ రైల్లో మాస్టారు ఫోనులో ఫొటోలు తిప్పుతుంటారు. వంతెన, ఫౌంటెన్, కుక్క బొమ్మ... అన్నీ ఉన్నాయి. 85వ వీధి దగ్గర తీసింది మాత్రం ఒకటే. ఖాళీ పచ్చిక, రెండు చెట్లు, అంతే.

‘ఆ ఊరి పేరేంటన్నావురా?’ అంటుంది అమ్మ.

‘సెనెకా విలేజ్.’

‘కాగితం మీద రాసివ్వు. తెనాలి వెళ్లాక ఎవరైనా అడిగితే చెప్పాలి.’